ఆహారం తర్వాత పెరిగే షుగరుకు ఏ ఇన్సులిన్?

ప్రశ్న: నాకు 29వ వారం. పరగడుపున 90 లోపే ఉంటున్న షుగరు టిఫిను తిన్న రెండు గంటలకు 150 దాటుతోంది. రెండు వారాలు పథ్యం చేసినా తగ్గలేదని డాక్టరుగారు రెగ్యులర్ ఇన్సులిన్ రాశారు. మా వదినకు కానుపుకు ముందు నెల్లూరులో పెన్నుతో వేసుకునే ఆస్పార్ట్ ఇచ్చారు. ఖరీదైనదే మేలా? మాత్రలతో సరిపోదా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: గర్భిణికి పరగడుపున 95, తిన్న రెండు గంటలకు 120 మిల్లీగ్రాముల లోపు షుగరు ఉండాలి. మీకు మొదటిది అదుపులోనే ఉన్నందున, రాత్రి పడుకునే ముందు వేసే ఎన్.పి.హెచ్. వంటి నిదానపు ఇన్సులిన్‌తో ప్రస్తుతానికి పని లేదు. తిండితో పెరిగే షుగరును అందుకునే మందు కావాలి. రెగ్యులర్, ఆస్పార్ట్ రెండూ ఆ పని చేసేవే, గర్భిణులకు రెండూ వాడదగినవే. మాయను దాటి బిడ్డకు చెప్పుకోదగినంతగా చేరవు.

తేడా ఉన్నది సమయంలో. రెగ్యులర్ పని మొదలుపెట్టడానికి అరగంట పడుతుంది, రెండు నుంచి నాలుగు గంటల మధ్య దాని జోరు ఎక్కువ, ఆరేడు గంటల దాకా ఒంట్లో ఉంటుంది. కనుక పెనం పొయ్యి మీద పెట్టక ముందే సూది వేసుకోవాలి. కారం దోసె పళ్లెంలోకి వచ్చాక వేసుకుంటే షుగరు ముందే పెరిగిపోతుంది, మందు జోరు మాత్రం ఏ పదకొండు గంటలకో వచ్చి చెమటలు, వణుకు పుట్టిస్తుంది. అప్పుడు షుగరు 70 కన్నా తక్కువగా ఉంటే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. ఆస్పార్ట్ పది, ఇరవై నిమిషాల్లోనే అందుకుని మూడు నుంచి ఐదు గంటల్లో తగ్గిపోతుంది కనుక, సూది వేసుకుని వెంటనే తినవచ్చు. అరగంట నియమం పాటించగలిగితే మీకు రాసిన రెగ్యులర్‌కు వంక పెట్టనక్కర లేదు. వేళకు తినడం కుదరకపోయినా, షుగరు తరచూ పడిపోతున్నా ఆస్పార్ట్‌కు పెట్టే ఖర్చు దండగ కాదు.

మెట్‌ఫార్మిన్ మాత్రలను గర్భిణులకు ఇస్తున్న మాట నిజమే. అయితే అది మాయను దాటుతుంది, పైగా కొందరికి ఆ మాత్రలు చాలక చివరికి ఇన్సులిన్ కూడా కలపవలసి వస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. మీ వదినగారి దగ్గర పెన్ను మిగిలి ఉన్నా, అందులోని మందును మీ సిరంజితో లాగవద్దు. పెన్నులో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి. మన మందుల షాపుల్లో దొరికే సీసాల్లో సాధారణంగా 40 యూనిట్లే. ఎర్ర మూత ఉన్న 40 సిరంజితో పెన్ను మందు లాగితే, పది గీతలకు పది కాదు, ఇరవై ఐదు యూనిట్లు ఒంట్లోకి పోతాయి.

నెలలు నిండేకొద్దీ మాయ విడుదల చేసే హార్మోన్ల వల్ల మోతాదు పెంచవలసి రావచ్చు, దానికి కంగారుపడకండి. కానుపు అయ్యాక సాధారణంగా ఇన్సులిన్ ఆపేస్తారు, ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజుతో మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.