ఆవిరి పెట్టె కొనుక్కోమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి, నాకు 54 ఏళ్లు. నాలుగేళ్లుగా మెడ, భుజాలు, నడుము ఒకటే నొప్పులు, ఫైబ్రోమయాల్జియా అన్నారు. బీపీకి, దిగులుకి మాత్రలు వాడుతున్నాను. ఈమధ్య ఫిన్లాండ్‌లో మా అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉండొచ్చాను. వాళ్ల అపార్ట్‌మెంట్ కిందే సౌనా గది ఉంది, అంటే ఒంటికి వేడి పట్టడానికి కూర్చునే గది, వారానికి రెండుసార్లు కూర్చునేదాన్ని. ఆ రాత్రికి నొప్పి తగ్గేది, మనసూ తేలికపడేది. ఇంటికొచ్చాక మళ్లీ మామూలే, ఒక్కోరోజు ఎందుకీ బతుకు అనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో ఆవిరి పెట్టె చూశాను, ఇంట్లోనే అందులో కూర్చుని ఒంటికి ఆవిరి పట్టుకోవచ్చట. మా ఆయనేమో మన ఎండలు చాలవా అంటున్నారు. కొనుక్కోమంటారా? అది వాడితే దిగులు మాత్రలు మానేయొచ్చా?

జవాబు: అమ్మా, మాత్రలు మాత్రం మానొద్దు. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, నిద్ర చెడుతుంది, దిగులు తిరగబెట్టొచ్చు. ఎందుకీ బతుకు అనిపిస్తోందని రాశారే, ఆ మాట మీ డాక్టరుకి ఈ వారంలోనే చెప్పండి. రాత్రిపూట అలా అనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు.

ఇక సౌనాలో మీకు కలిగిన హాయి భ్రమేం కాదు. వేడికి రక్తనాళాలు విప్పారతాయి, బిగిసిన కండరాలు సడలుతాయి, బయటికొచ్చి చల్లబడ్డాక నిద్ర బాగా పడుతుంది, నిద్ర పట్టినవాళ్లకి మర్నాడు నొప్పి కొంత తగ్గుతుంది. జపాన్‌లో 60 డిగ్రీల గదిలో పావుగంట కూర్చోబెట్టి, తర్వాత అరగంట దుప్పటి కప్పి పడుకోబెట్టే పద్ధతి ఒకటుంది, దీర్ఘకాలపు నొప్పులున్నవాళ్లలో దానికి మంచి ఫలితాలే కనిపించాయి. అమెరికాలో 2016లో వచ్చిన ఒక పరిశోధనలో దిగులుతో ఉన్నవాళ్లకి ఒంటి లోపలి వేడి 38.5 డిగ్రీలకి చేరేలా ఒక్కసారి వేడి పట్టిస్తే, ఆ తేలిక ఆరు వారాలపాటు కనిపించింది. కాకపోతే ఇవన్నీ కొద్దిమంది మీద చేసినవి, అందుకే మందులతో పాటు వాడమంటాను తప్ప మందుల బదులు వాడమనను.

మీవారి మాటకొస్తే, ఎండ వేరు, సౌనా వేరు. ఫిన్లాండ్ సౌనాలో 80 నుంచి 100 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది, చెమట ఆరుతూ ఒంటిని కాస్త కాపాడుతుంది, పది పదిహేను నిమిషాల్లో లేచి చల్లగాలిలోకి వచ్చేస్తారు. మన దగ్గర రోహిణి కార్తెలో ఉక్కపోతకి రాత్రి కూడా ఒళ్లు చల్లబడదు, అది వైద్యం కాదు, వడదెబ్బకి దారి. ఇంకోమాట, అక్కడ మీ పక్కన అమ్మాయి ఉంది. ఆ తోడు కూడా మీకు పనిచేసిందని నాకు గట్టిగా అనిపిస్తోంది, ఇక్కడ ఆ లోటు ఎలా తీరుతుందో మీవారూ మీరూ కూర్చుని మాట్లాడుకోండి.

పెట్టె ఇప్పుడే కొనొద్దు. ఆవిరిలో గాలి తడిగా ఉంటుంది, చెమట ఆరదు, 45 డిగ్రీలకే ఒళ్లు గబగబా వేడెక్కుతుంది. బీపీ మాత్ర వేసుకున్నవాళ్లకి లేవగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది, మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర కూడా అందులో ఉంటే ఇంకా జాగ్రత్త. గుండె జబ్బు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు అసలు దీని జోలికి వెళ్లకూడదు. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకి కాలినా తెలియదు.

ముందు వేన్నీళ్లతో మొదలుపెట్టండి. జర్మనీలో 40 డిగ్రీల నీళ్ల తొట్టిలో వారానికి రెండుసార్లు కూర్చోబెట్టి దిగులు తగ్గుతుందా అని చూశారు, ఫలితం బాగానే ఉంది. తొట్టి లేకపోయినా పర్వాలేదు. మా అమ్మమ్మ నెల్లూరులో బాలింతలకి వావిలాకు మరగబెట్టిన నీళ్లు పోసేది, ఒళ్లు నొప్పులన్న ప్రతివాళ్లకీ అదే మందు. పొద్దు వాలాక, భోజనానికి ముందు, వావిలాకు నీళ్లు మోచేతికి ఓర్చుకునేంత వేడిగా భుజాల మీద, నడుము మీద పది నిమిషాలు నెమ్మదిగా పోయించుకోండి. ముందూ తర్వాతా ఒక్కో గ్లాసు మంచినీళ్లు తాగండి. పీట మీద కూర్చునే పోసుకోండి, తలుపు గడియ పెట్టొద్దు, ఇంట్లో ఒకరు పిలిస్తే పలికేంత దగ్గర్లో ఉండాలి. అరగంట పడుకుని లేవండి. వారానికి రెండు మూడుసార్లు, నెల రోజులు చేసి, ఆ రాత్రుళ్లు నిద్ర ఎలా పట్టిందో క్యాలెండర్ మీద రాసుకుని నాకు మళ్లీ ఉత్తరం రాయండి, పెట్టె సంగతి అప్పుడు చూద్దాం.