తేదీ వెనక్కి పోయే కంప్యూటర్

ప్రశ్న: మా డెస్క్‌టాప్ 2014లో అసెంబుల్ చేయించుకున్నది. మూడేళ్ల కిందట అందులో ఎస్ఎస్‌డీ వేయించి విండోస్ 10 ఎక్కించాం. పాత హార్డ్ డిస్క్‌ను ఫొటోల కోసం అలాగే ఉంచాం. రెండు నెలలుగా పొద్దున ఆన్ చేయగానే, సరైన బూట్ డివైస్‌ను ఎంచుకోమని నల్లటి తెర మీద ఒక వాక్యం వచ్చి ఆగిపోతోంది. మా అబ్బాయి డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లోకి) వెళ్లి ఎస్ఎస్‌డీని మొదటి స్థానానికి మారిస్తే ఆ రోజుకు నడుస్తోంది. తేదీ కూడా 2014 జనవరికి పోతోంది. ఇది చాలదన్నట్టు పని మధ్యలో బ్లూ స్క్రీన్ వచ్చి దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని, మరోసారి ‘పేజ్ ఫాల్ట్’ అని కనిపించింది. రాత్రి పడుకునే ముందు స్విచ్‌బోర్డు దగ్గర ఆపేయడం మా అలవాటు. ఫార్మాట్ కొడితే అన్నీ సర్దుకుంటాయని షాపతను అంటున్నాడు. కొట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీ కంప్యూటర్‌లో ఒకటి కాదు, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లోపాలు ఉన్నట్టున్నాయి. ఫార్మాట్‌తో ఆ రెండూ పోవు.

మొదటిది పొద్దున్నే బూట్ కాకపోవడం. స్విచ్‌బోర్డు అలవాటు గురించి మీరు రాయడం మంచిదయింది, ఎందుకంటే అసలు ఆధారం అందులోనే ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని పేరు సీఆర్ 2032. గోడ దగ్గర కరెంటు ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆపి ఉన్నా సరే, గడియారానికీ బయోస్ సెట్టింగులకూ కావలసిన కొద్దిపాటి విద్యుత్తు ఎస్ఎమ్‌పీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) నుంచే అందుతుంది. మీరు స్విచ్ ఆపేశాక ఆ భారమంతా ఈ బ్యాటరీ మీద పడుతుంది. అది నీరసించిపోతే తెల్లవారేసరికి తేదీ వెనక్కి పోతుంది, బయోస్ ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లిపోతుంది, బూట్ వరుసలో, అంటే విండోస్ కోసం డిస్కులను వెతికే క్రమంలో, పాత హార్డ్ డిస్క్ మళ్లీ ముందుకు వస్తుంది. ఆ డిస్క్‌లో విండోస్ లేదు కనుక కంప్యూటర్ అక్కడే ఆగిపోతుంది. ఈ అనుమానాన్ని పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. రెండు రాత్రులు స్విచ్ ఆపకుండా ఉంచి చూడండి. పొద్దున తేదీ సరిగ్గా ఉండి కంప్యూటర్ మామూలుగా లేస్తే తప్పు బ్యాటరీదే. కొత్త బ్యాటరీ తక్కువ ధరకే దొరుకుతుంది. పవర్ కేబుల్ పూర్తిగా ఊడదీసి, పక్కనున్న చిన్న క్లిప్పును నొక్కితే పాతది పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, బయోస్‌లో తేదీనీ బూట్ వరుసనూ ఒక్కసారి సరిచేసి సేవ్ చేస్తే చాలు.

రెండోది బ్లూ స్క్రీన్. దీన్ని ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. ప్రతిసారీ ఒకే కోడ్, దాని కింద ఒకే ఫైలు పేరు కనిపిస్తుంటే నేను ముందుగా డ్రైవర్‌ను (ఏదో ఒక పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ను) అనుమానిస్తాను. మీకు కోడ్ మారుతోంది, వచ్చిన రెండూ మెమరీకి సంబంధించినవే, కాబట్టి ర్యామ్‌ను, అంటే కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే ఆ మెమరీని, పరీక్షించనిదే ఇంకే మరమ్మతుకూ దిగకండి. కంప్యూటర్‌ను కరెంటు నుంచి వేరుచేసి, ర్యామ్ స్టిక్‌లను బయటికి తీసి, రెండు చివర్లా క్లిప్పులు ‘టక్’మని పడేదాకా మళ్లీ నొక్కి పెట్టండి. కొన్నిసార్లు దీనితోనే సమస్య తీరిపోతుంది. తీరకపోతే వేరే కంప్యూటర్‌లో మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో మీ కంప్యూటర్‌ను బూట్ చేసి రాత్రంతా నడవనివ్వండి. విండోస్‌లో కూడా మెమరీ పరీక్ష ఉంది గానీ, నేను మెమ్‌టెస్ట్‌నే ఎక్కువ నమ్ముతాను. ఒక్క తప్పు చూపించినా తేలిగ్గా తీసుకోకూడదు. అప్పుడు ఒక్కో స్టిక్‌నే ఉంచి పరీక్షిస్తే చెడ్డది ఏదో తెలిసిపోతుంది. 2014 నాటి బోర్డు గనుక మీకు కావలసింది బహుశా డీడీఆర్3 రకం అయి ఉంటుంది. డీడీఆర్4 ఆ స్లాట్‌లో పట్టదు. పాత స్టిక్‌ను షాపుకు పట్టుకెళ్లి చూపించి కొనండి.

ఫార్మాట్ వద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. డిస్క్ మీదికి వెళ్లే ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే వెళ్తుంది. చెడ్డ ర్యామ్‌తో విండోస్ మళ్లీ ఎక్కిస్తే ఆ ఎక్కించడమే మధ్యలో ఆగిపోవచ్చు, లేదా పాడైన ఫైళ్లతో పూర్తయి వారం తిరక్కుండా మళ్లీ బ్లూ స్క్రీన్ రావచ్చు. ఫొటోలను కాపీ చేసుకోవడానికీ ఇదే వర్తిస్తుంది: చెడ్డ స్టిక్‌ను తీసేశాకే బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి, చేశాక కొన్నింటిని తెరిచి చూసుకోండి. ర్యామ్ బాగయ్యాక కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి సిస్టమ్ ఫైల్ చెకర్‌ను ఒకసారి నడిపిస్తే, ఈ రెండు నెలల్లో పాడైన విండోస్ ఫైళ్లు ఏవైనా ఉంటే చాలావరకు సరిదిద్దుతుంది.

ప్రశ్న: బయోస్ అప్‌డేట్ చేశాక నా ల్యాప్‌టాప్ నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. నేను ఎప్పుడూ ఏ పాస్‌వర్డూ పెట్టలేదు. ఇది వైరస్ పనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: వైరస్ కాదు, బిట్‌లాకర్ – డిస్క్‌కు విండోస్ వేసే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మొదటిసారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అవుతుంది (కీ లేనిదే చదవలేని రూపంలోకి మారుతుంది), కీ ఆ అకౌంట్‌లోకే వెళ్తుంది. బయోస్ మారడంతో ల్యాప్‌టాప్‌లోని భద్రతా చిప్ పాత పరిస్థితిని గుర్తించలేక కీ అడుగుతోంది. ఫోన్ నుంచి అదే అకౌంట్‌లోకి వెళ్లి రికవరీ కీల పేజీ చూడండి. తెర మీద కనిపించే కీ ఐడీతో సరిపోలినదే మీది. కాలేజీవారో ఆఫీసువారో ఇచ్చిన అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే వారి ఐటీ విభాగాన్ని అడగాలి. కీ ఎక్కడా దొరకకపోతే ఆ డేటాను తెరిచే మార్గం లేదు, తెరుస్తామని డబ్బులు అడిగేవారిని నమ్మవద్దు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలినప్పుడు చేయాల్సింది సేఫ్ మోడ్‌లో ఒక ఫైలు తీసేయడమే అయినా, బిట్‌లాకర్ ఉన్న చాలాచోట్ల ముందుగా ఈ కీ కోసం వెతుక్కోవలసి వచ్చింది. మీ కీ దొరకగానే కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా ఇంట్లో విడిగా దాచండి.

ప్రశ్న: వీడియో ఎడిటింగ్ చేస్తుండగా డెస్క్‌టాప్ హఠాత్తుగా ఆగిపోతోంది. విండోస్ తన సంఘటనలను నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నెల్ పవర్ 41’ అని ఉంది. ఎస్ఎమ్‌పీఎస్ పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అంత త్వరగా తేల్చలేం. కిందటిసారి సరిగా షట్‌డౌన్ కాలేదని విండోస్ తర్వాత లేచినప్పుడు రాసుకునే మాట మాత్రమే 41; కారణం అందులో ఉండదు. ఆ ఈవెంట్ వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా కాకుండా వేరే అంకె ఉంటే అది బ్లూ స్క్రీన్, దాని కోడ్‌ను వెతకాలి. సున్నా అయితే కరెంటు తెగడం, వేడెక్కడం, పూర్తిగా బిగుసుకుపోవడం వంటివాటిలో ఏదైనా కావచ్చు. ఎడిటింగ్ సమయంలోనే ఆగుతోంది కనుక ముందు ప్రాసెసర్ ఫ్యాన్ మీది దుమ్ము దులిపి, ఉష్ణోగ్రతలు గమనించండి. వేడి మామూలుగానే ఉండి అయినా ఆగిపోతుంటే, ఎవరి దగ్గరైనా మంచి ఎస్ఎమ్‌పీఎస్ ఒక రోజుకు అడిగి తెచ్చి మార్చి చూశాకే కొత్తది కొనండి.