రోజూ తడిపినా లాన్ ఎందుకు ఎండుతోంది?

ప్రశ్న: మా ఇంటి ముందు 20 గజాల గరిక లాన్ ఉంది. నల్లరేగడి నేల. రోజూ సాయంత్రం పైపుతో పది నిమిషాలు తడుపుతున్నా పసుపెక్కుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, రోజూ కాస్త కాస్త తడిపితే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. మే ఎండకు ముందు ఎండేది ఆ పై అంగుళం మట్టే. వారానికి రెండుసార్లు, తెల్లవారుజామునే, లోతుగా తడపండి. వారం మొత్తానికి 25 మిల్లీమీటర్ల నీరు, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు. మీ లాన్‌కు దాదాపు 420 లీటర్లు.

నల్లరేగడి నీటిని మెల్లగా తాగుతుంది. ఒక్కసారే వదిలితే సగం కాలవలోకి పోతుంది, ఈ ఎండల్లో అది నిజంగా బాధాకరం. పది నిమిషాలు పెట్టి, అరగంట ఆపి, మళ్లీ పెట్టండి. విజయవాడలో మా ఇంట్లో అయితే తడిపాక పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తాను. నాలుగైదు అంగుళాలు సులువుగా దిగితే ఇక కుళాయి కట్టేస్తాను.

నడిచాక గడ్డి లేవకుండా పాదాల గుర్తులు అలాగే ఉండిపోయాయా? దానికి దాహం వేస్తోంది, మర్నాడు పొద్దున్నే తడపండి. ఎండాకాలం పోయేదాకా మరీ పొట్టిగా మాత్రం కత్తిరించకండి.