వింత విమానాలు, వింత సబ్‌మెరైన్లు: అందరూ రెక్కలే చూస్తారు, తలుపు ఎవరూ చూడరు

"రెండో ప్రపంచ యుద్ధంలో తయారైన వింత విమానాలు, సబ్‌మెరైన్లలో నిజంగా పనికొచ్చినవి ఏమైనా ఉన్నాయా, లేక అన్నీ పిచ్చి ప్రయోగాలేనా? ఇప్పుడెందుకు అలాంటివి చెయ్యట్లేదు?" అని కదా ప్రశ్న. ఇప్పటిదాకా వచ్చిన జవాబులన్నీ చదివాను, అందరూ అవే నాలుగు జర్మన్ విమానాల ఫోటోలు పెట్టి నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండి రాస్తున్నాను, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపికుంటే చదవండి.

ముందు అడిగినదానికి సూటిగా చెప్పేస్తాను. పనికొచ్చినవి ఉన్నాయి. రష్యా వాళ్ళు టీబీ-3 అనే పెద్ద బాంబర్ రెక్కల కింద రెండు ఐ-16 ఫైటర్లు తగిలించి ఎగరేసేవాళ్ళు, ఒక్కో ఫైటర్‌కి రెండు 250 కిలోల బాంబులు. అంత బరువుతో ఆ చిన్న విమానం తనంతట తాను నేల మీంచి లేవలేదు, అందుకని పెద్దది మోసుకెళ్ళి గాల్లో వదిలేది. 1941 ఆగస్టులో వీటితోనే రొమేనియాలో డాన్యూబ్ మీద ఉన్న చెర్నవోడా వంతెనని దెబ్బకొట్టారు. ఫోటో చూస్తే సర్కస్‌లా ఉంటుంది, పని మాత్రం అయింది. దీని మీద ఒక్క వీడియో ఉండదు మన యూట్యూబ్‌లో, ఎందుకంటే థంబ్‌నెయిల్‌లో హిట్లర్ బొమ్మ పెట్టడం కుదరదు కదా.

ఇక నాకు ఇష్టమైన విషయం. జపాన్ వాళ్ళ ఐ-400 సబ్‌మెరైన్, దాని కడుపులో మూడు సేరాన్ విమానాలు. నేనుండేది వర్జీనియాలో, డల్లెస్ ఎయిర్‌పోర్ట్ పక్కనే స్మిత్సోనియన్ వాళ్ళ ఉద్వార్-హేజీ మ్యూజియం ఉంది, ఇండియా నుంచి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్ళడం మాకు ఆనవాయితీ (మాల్స్ కంటే నయం, కనీసం క్రెడిట్ కార్డు బతికుంటుంది). వచ్చినవాళ్ళందరూ ఒకటే వరస, గుమ్మంలో బ్లాక్‌బర్డ్ గూఢచారి విమానం ముందు సెల్ఫీ, డిస్కవరీ స్పేస్ షటిల్ ముందు సెల్ఫీ, హిరోషిమా మీద బాంబేసిన ఎనోలా గే ముందు కాస్త మొహం సీరియస్‌గా పెట్టి ఇంకో సెల్ఫీ, తర్వాత ఆకలేస్తోంది అంటారు. ఆ ఎనోలా గే పక్కనే, ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క సేరాన్ ఉంటుంది. పైన ముదురాకుపచ్చ రంగు, రెక్కల మీద ఎర్రటి సూర్యుడు, కింద పడవల్లాంటి రెండు పెద్ద ఫ్లోట్లు. దాని దగ్గర ఎవడూ ఆగడు.

మా నాన్న ఆగారు. ఆయన వైజాగ్ షిప్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, అమెరికా వచ్చిన దగ్గర్నుంచి దేన్నీ మెచ్చుకోలేదు, షటిల్‌ని కూడా ఓసారి పైకీ కిందకీ చూసి "ఊఁ" అన్నారు అంతే. సేరాన్ దగ్గర మాత్రం ఆ ఎర్ర గుండ్రం చూసి "ఇది జపానోళ్ళదేట్రా" అని నిలబడిపోయారు. మా నాయనమ్మ చెప్పేదట ఆయనకి, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద, అదే రోజు కాకినాడ మీద బాంబులేస్తే జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పోయారని. ఆ విమానాలొచ్చింది ర్యూజో అనే మామూలు విమాన వాహక నౌక మీంచి, ఇదేమో సబ్‌మెరైన్‌లోంచి వచ్చేది నాన్నా అని చెప్పాను. "ఒరే, ఇదేటి, నీళ్ళలోంచి వచ్చీదా?" అన్నారు. అక్కడ్నుంచి మొదలైంది.

అక్కడ తెలుపు గడ్డం వాలంటీర్ ఒకాయన ఉన్నాడు పాపం, ఆయన్ని పట్టుకుని నాన్న తెలుగులో అడగడం, నేను మధ్యలో నలగడం. ఆయన చెప్పిందేంటంటే, సేరాన్ రెక్కలు ముందు మొదలు దగ్గర తొంభై డిగ్రీలు తిరిగి తర్వాత వెనక్కి వచ్చి విమానం ఒంటికి అతుక్కుంటాయి. తోక పక్క రెక్కల చివర్లు కిందికి, నిలువు తోక కొస పక్కకి మడుస్తారు. మొత్తం ముడిచాక సబ్‌మెరైన్ డెక్ మీదున్న మూడున్నర మీటర్ల వ్యాసం గొట్టంలో పట్టాలి. ఫ్లోట్లు విడిగా దాస్తారు. రాత్రిపూట డెక్ మీద చీకట్లో బిగించాలి కాబట్టి ముఖ్యమైన జాయింట్ల దగ్గర చీకట్లో మెరిసే పెయింట్ పూసేవాళ్ళు. ఇంజన్ చల్లగా ఉంటే వేడెక్కేదాకా సముద్రం పైన కూర్చోవాలి, ఈలోపు ఎవడైనా చూస్తే అయిపోయినట్టే, అందుకని సబ్‌మెరైన్ ఇంకా నీళ్ళ కింద ఉండగానే వేడి నీళ్ళు, వేడి ఆయిల్ ఇంజన్‌లోకి పంపి సిద్ధంగా ఉంచేవాళ్ళు. ఇదంతా విని నాన్న తలూపారు, తర్వాత అడిగిన ప్రశ్నకి ఆ వాలంటీర్ దగ్గర జవాబు లేదు.

"విమానం సంగతి సరే. ఆ గొట్టానికి తలుపేదిరా? ఎంతుంటాది? ప్యాకింగ్ ఏటేసారు?"

ఇదండీ అసలు ప్రశ్న! ఇన్నేళ్ళుగా ఈ వింత డిజైన్ల గురించి పిచ్చిపిచ్చిగా చదువుతున్నా నేను, ఆ తలుపు గురించి అడిగినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. అక్కడే ఫోన్ తీసి వెతికితే దొరికింది. శంఖాకారంలో పెద్ద తలుపు, హైడ్రాలిక్స్‌తో తెరుస్తారు, అది పనిచెయ్యకపోతే చేత్తో తిప్పే చక్రం ఉంది, చుట్టూ 51 మిల్లీమీటర్ల మందం రబ్బరు ప్యాకింగ్. రెండంగుళాలు. నాన్న మొహం వెలిగింది. షిప్‌యార్డ్‌లో హ్యాచ్‌లు ఎలా పరీక్షిస్తారో మ్యూజియం మధ్యలో నిలబడి చేతులూపుతూ చెప్పారు. తలుపు ఆనే అంచుకి సుద్ద రాసి, మూసి, బిగించి, మళ్ళీ తెరవాలి. రబ్బరు మీద తెల్ల గీత చుట్టూ ఎక్కడా తెగకుండా పడాలి, తెగిందంటే అక్కడ్నుంచే నీళ్ళు. చాక్ టెస్ట్ అంటారు దీన్ని. తర్వాత పైపుతో నీళ్ళు కొట్టి చూస్తారు. "మామూలు ఓడ తలుపుకే మాకు సుద్ద గీత కుదరడానికి పొద్దు పోయీది, మనిషి కంటే రెండింతలు ఎత్తు తలుపుకి ఎలా కుదిర్చారో" అన్నారు.

నేను ఇంజనీరింగ్ బుద్ధి చూపించాలి కదా, లెక్కేశాను. మూడున్నర మీటర్ల వ్యాసం అంటే సుమారు 9.6 చదరపు మీటర్లు, ఈ సబ్‌మెరైన్ వంద మీటర్ల లోతుకి వెళ్ళగలదు, అక్కడ చదరపు మీటర్‌కి సుమారు వంద టన్నుల ఒత్తిడి, అంటే ఆ తలుపు మీద దాదాపు 960 టన్నులు. నాన్న కొట్టిపారేశారు. "లోతులో భయం లేదురా, నీళ్ళే నొక్కి మూసి పడతాయి. భయమంతా పైనే. పైకొచ్చి తొందరపడి తీస్తాడు చూడు, అప్పుడు."

సరిగ్గా అలాగే జరిగింది. బ్రిటిష్ వాళ్ళ ఎం2 అనే సబ్‌మెరైన్ ఉండేది, మొదట్లో దాని మీద 12 అంగుళాల ఫిరంగి ఉండేది (సబ్‌మెరైన్ మీద యుద్ధనౌక ఫిరంగి, అదో వింత), తర్వాత అది పీకేసి చిన్న విమానానికి షెడ్డు పెట్టారు. 1932 జనవరి 26న ఇంగ్లండ్ దక్షిణ తీరంలో పోర్ట్‌లాండ్ దగ్గర మునిగి పైకి రాలేదు, అరవై మంది పోయారు. డైవర్లు దిగి చూస్తే షెడ్డు తలుపు తెరిచే ఉంది, విమానం లోపలే ఉంది. విమానాన్ని త్వరగా లేపాలన్న తొందరలో పూర్తిగా పైకి రాకముందే తలుపు తీశారని ఎక్కువమంది నమ్మకం. అంతకుముందు మొదటి ప్రపంచ యుద్ధంలో వీళ్ళదే కె క్లాస్ అని ఆవిరి ఇంజన్‌తో నడిచే సబ్‌మెరైన్లు, పొగ గొట్టాలు కూడా ఉండేవి వాటికి, మునిగే ముందు గొట్టాలు పక్కకి పడుకోబెట్టి బొక్కలన్నీ మూసుకోవాలి. 1917 జనవరిలో కె13 ట్రయల్స్‌లోనే మునిగిపోయింది, గాలి లోపలికొచ్చే దారులు మూతపడలేదు. మళ్ళీ తలుపే కదా.

అందుకే అంటాను, వింత ఆకారాన్ని చూసి డిజైనర్‌ని నవ్వడం శుద్ధ తెలివితక్కువ పని. జర్మనీ కంపెనీ బ్లోమ్ అండ్ ఫాస్ వాళ్ళ బీవీ 141 విమానం చూసి అందరూ నవ్వుతారు, ఇంజన్ ఒక పక్క, మనుషులు కూర్చునే గాజు గది ఇంకో పక్క, తోక కూడా సగమే. రిచర్డ్ ఫోగ్ట్ అనే ఆయన డిజైన్. నిఘా విమానం కావాలి, ఒకటే ఇంజన్ ఉండాలి, అన్ని వైపులా బాగా కనపడాలి అని అడిగారు, ముక్కు మీద ఇంజన్ పెడితే ముందేం కనపడుతుంది? పక్కకి జరిపాడు. అది చక్కగానే ఎగిరింది కూడా. ఐ-400లో కూడా అంతే, విమానాల గొట్టం మధ్యలో కాకుండా కాస్త కుడికి, దానికి సమతూకంగా కమాండ్ టవర్ ఎడమకి, కిందేమో బరువు ఆగడానికి రెండు గొట్టాలు పక్కపక్కన అతికించిన ఒళ్ళు. దాంతో నీళ్ళ కింద నెమ్మదిగా వెళ్ళేటప్పుడు తిన్నగా పోవాలంటే చుక్కానిని కొన్ని డిగ్రీలు కుడికి పట్టుకునే ఉండాలట. పొడవు 122 మీటర్లు. మన ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా సబ్‌మెరైన్ 91 మీటర్లు, అది ఎక్కి దిగినవాళ్ళకి ఈ తేడా ఏంటో తెలుస్తుంది.

ఇక్కడ ఆర్డరిచ్చినవాళ్ళ సంగతి చూడండి. 1942 మొదట్లో జపాన్ నౌకాదళం అడ్మిరల్ యమమోటో అమెరికా నగరాల మీద దాడికి ఇవి కావాలన్నాడు. పద్దెనిమిది కడదాం అనుకున్నారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఐ-25 అనే సబ్‌మెరైన్ మీంచి నొబువో ఫుజితా అనే పైలట్ బుల్లి విమానంలో వెళ్ళి ఒరెగాన్ అడవుల మీద నిప్పు బాంబులేశాడు, వానలకి తడిసి ఉన్న అడవి పెద్దగా అంటుకోలేదు. (ఈయనే 1962లో బ్రూకింగ్స్ ఊరివాళ్ళు పిలిస్తే వెళ్ళి తమ వంశంలో నాలుగు వందల ఏళ్ళుగా ఉన్న కత్తి వాళ్ళకిచ్చి వచ్చాడు. దీని మీద ఎవరైనా విడిగా రాయండి.) 1943 ఏప్రిల్‌లో యమమోటో పోయాక పద్దెనిమిది కాస్తా తగ్గుతూ తగ్గుతూ చివరికి మూడే పూర్తయ్యాయి, మూడోదాన్నీ ఆయిల్ మోసే ట్యాంకర్‌గా మార్చేశారు. టార్గెట్ నగరాల నుంచి పనామా కాలువకి మారింది, గాతున్ లాక్ (ఓడల్ని పైకెత్తి దించే నీళ్ళ గది) గేట్లు పేలిస్తే పైనున్న సరస్సు ఖాళీ అయి కాలువ నెలల తరబడి మూతపడుతుందని లెక్క, గేట్ల నమూనా కట్టి ప్రాక్టీస్ చేశారు. ఈలోపు జపాన్ చేతిలోంచి ఒకినావా దీవి పోయింది, టార్గెట్ మళ్ళీ మారి పసిఫిక్‌లో ఉలిథి దీవుల దగ్గరున్న అమెరికన్ నౌకలైంది. దాడికి తేదీ 1945 ఆగస్టు 17. జపాన్ 15న లొంగిపోయింది. సబ్‌మెరైన్లలో ఉన్న విమానాలన్నీ సముద్రంలోకి తోసేశారు.

మూడేళ్ళలో మూడు టార్గెట్లు! మా ఆఫీసులో కూడా ఇంతే, క్లయింట్ డ్రాయింగ్ ఫైనల్ అయ్యాక "చిన్న మార్పే" అంటాడు, తర్వాత డెలివరీ లేటయితే డిజైన్ టీమ్ మీద మెయిల్. ఐ-400 యుద్ధంలో ఏమీ చెయ్యలేదు అంటారు అందరూ, నిజమే, ఏం చేయించారు దాంతో? అమెరికా వాళ్ళు మాత్రం పట్టుకుని హవాయి తీసుకెళ్ళి పరిశీలించి, రష్యా వాళ్ళు అడుగుతారేమోనని 1946లో వాళ్ళే టార్పెడోలతో ముంచేశారు. పనికిమాలినదైతే రష్యాకి ఇచ్చెయ్యొచ్చుగా, ఎందుకు ముంచడం?

ఇప్పుడెందుకు చెయ్యట్లేదు అన్నదానికి కూడా నా జవాబు తలుపే. యుద్ధం అయ్యాక అమెరికా వాళ్ళు రెగ్యులస్ అనే క్రూయిజ్ మిసైళ్ళని అచ్చం ఇలాగే సబ్‌మెరైన్ మీద షెడ్డులో పెట్టారు, గ్రేబ్యాక్, హాలిబట్ లాంటివి. పైకి రావాలి, పెద్ద తలుపు తీయాలి, బయటికి లాగాలి, వదలాలి, మళ్ళీ మూయాలి, అదే గుండె దడ. 1960లో పొలారిస్ అనే మిసైల్ వచ్చింది, నిలువు గొట్టంలోంచి నీళ్ళ కిందే వదలొచ్చు, పైకి రానక్కర్లేదు, ఆ ఏనుగంత తలుపు అవసరం తీరిపోయింది. విమానం మోసే సబ్‌మెరైన్ కథ అక్కడితో సరి. మిగతా కారణాలు రాడార్, ఖర్చు అని ఎవరైనా చెప్తే చెప్పనివ్వండి.

కామెంట్లలో హోర్టెన్ (తోక లేకుండా అంతా రెక్కే ఉండే జర్మన్ విమానం) ఫోటో పెట్టి "జర్మనీ స్టెల్త్ విమానం", అంటే రాడార్‌కి దొరకనిది, అని మొదలుపెట్టేవాళ్ళకి మాత్రం దండం, దానికి విడిగా ప్రశ్న అడగండి, ఆ కోపం వేరే ఉంది.