గిట్ట పట్టే చేతికి పట్టా ఎక్కడిది?

పోయిన నెల, వానాకాలంలో గుర్రాల గిట్టలు కుళ్ళే జబ్బు గురించి రాశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో జబ్బు గురించి అడిగినవాళ్ళ కంటే సర్టిఫికెట్ గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. లాడాలు కొట్టడానికి, గిట్టలు చెక్కడానికి యోగ్యతాపత్రం ఉందా, ఎవరిస్తారు, దాన్ని ఎంతవరకు నమ్మాలి అని. సైన్యంలో పదిహేడేళ్ళు, ఆ తర్వాత హైదరాబాదు చుట్టుపక్కల ఇరవై రెండేళ్ళు ఇదే పని చేసినవాణ్ణి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు ఇరవై నాలుగేళ్ళు. డిగ్రీ అయ్యాక ఒక గుర్రపుస్వారీ క్లబ్బులో రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. లాడాలు కొట్టే నాల్‌బంద్ వచ్చినప్పుడు కాలు ఎత్తి పట్టేది నేనే. ఈ పని నేర్చుకోవాలని ఉంది. విదేశీ సంస్థ ఒకటి ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు చేస్తే ‘హూఫ్ ట్రిమ్మర్’ (గిట్టలు చెక్కేవాడు) సర్టిఫికెట్ ఇస్తామంటోంది. ఫీజు డెబ్బై వేలు. అది ఇక్కడ చెల్లుతుందా? ప్రభుత్వం ఇచ్చే పట్టా ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, మొయినాబాద్

జవాబు: నాయనా, ముందు ఆ డెబ్బై వేలు నీ దగ్గరే ఉంచుకో.

మన దేశంలో ఈ పనికి చట్టమే లేదని చాలామంది అనుకుంటారు. ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద, లాడాలు కొట్టేవాళ్ళ లైసెన్సుల కోసమే 1965లో నియమాలు వచ్చాయి. ఈ పని వృత్తిగా చేసేవాడి చేతిలో లైసెన్సు ఉండాలన్నది వాటి సారాంశం. మూగజీవి కాలు పట్టుకునేవాణ్ణి ఎవరో ఒకరు పరీక్షించాలని అరవై ఏళ్ళ కిందటే అనుకున్నారన్న మాట. కానీ ఈ ఇరవై రెండేళ్ళలో ఆ లైసెన్సు చూపించమని నన్నడిగిన మనిషి ఒక్కరూ లేరు. గుర్రం యజమానులు కూడా అడగలేదు. నాకు నిజంగా బాధ కలిగించే సంగతి ఇది.

మా నాయన కర్నూలు జిల్లాలో సంతల వెంబడి తిరిగి ఎడ్లకు లాడాలు కొట్టేవాడు. ఎద్దును తాడేసి పడగొట్టి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టి, చీలిన గిట్టకు రెండేసి చొప్పున మొత్తం ఎనిమిది బిళ్ళలు కొట్టేవాడు. మేకులు అందించేది నేను. అందుకే సైన్యంలో చేరి ఫారియర్, అంటే గుర్రాలకు లాడాలు కొట్టే పనికి ఎంపికైనప్పుడు, సగం పని వచ్చినట్టే అనుకున్నాను. రాలేదని మొదటి రోజే తెలిసింది. గుర్రాన్ని పడగొట్టేది లేదు. అది నిలబడే ఉంటుంది, నిన్ను నమ్మితేనే కాలిస్తుంది, ఇచ్చాక తన బరువులో కొంత నీ నడుం మీద మోపుతుంది.

మా ఉస్తాద్ మొదటి ఆరు వారాలు బతికున్న గుర్రం కాలు ముట్టుకోనివ్వలేదు. చనిపోయిన గుర్రాల కాళ్ళు తెచ్చి మాతో చెక్కించేవాడు. మేం చెక్కడం అయ్యాక ఆ గిట్టను రంపంతో నిలువునా కోసి బల్ల మీద పెట్టేవాడు. లోపల ఎముక, దాని కింద మేం మిగిల్చిన అరికాలి మందం కళ్ళకు కట్టినట్టు కనపడేది. స్కేలు పెట్టి కొలిచి, 15 మిల్లీమీటర్లైనా లేకపోతే “ఈ గుర్రం రేపు నడవదు” అనేవాడు. పైనుంచి చూస్తే నేను చెక్కిన గిట్ట అందరికంటే నున్నగా ఉండేది. కోసి చూస్తే 9 మిల్లీమీటర్లు. అది వీడియోలో తెలిసే సంగతి కాదు నాయనా. అరికాలు మీద బొటనవేలు పెట్టి నొక్కినప్పుడు అది లోపలికి కొంచెం దిగిందంటే కత్తి అక్కడితో ఆపాలి. ఆ ‘కొంచెం’ ఎంతో వేలికే తెలియాలి.

ఇంకో విషయం కూడా దాచకుండా చెబుతాను. సైన్యం నుంచి బయటికి వచ్చిన మూడో ఏడు, ఒక ఫారంలో ఎర్ర ఆడగుర్రానికి గిట్టలు చెక్కాను. యజమాని పక్కనే నిలబడి ఇంకా తియ్యండి, ఇంకా శుభ్రంగా కనపడాలి అంటుంటే తీసుకుంటూ పోయాను. మర్నాటికి ఆ గుర్రం కంకర మీద కాలు మోపలేక, మోపకుండా ఉండలేక నిలబడి ఉంది. మళ్ళీ మామూలుగా నడవడానికి ఇరవై రోజులు పట్టింది. గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది మరి; తీసేసింది వెంటనే అతికించలేం. ఆ రోజు నా సంచిలో సైన్యం ఇచ్చిన కాగితం ఉంది. అది ఆ గుర్రానికి అక్కరకు రాలేదు.

అలాగని కాగితం వద్దనను. ఆ సంస్థకు ఉత్తరం రాయి. పరీక్ష బతికున్న గుర్రం మీదేనా? పరీక్షించేవాడు పక్కనే నిలబడి ఉంటాడా? పోయిన ఏడు ఎంతమంది ఫెయిలయ్యారు? వీటికి సూటిగా జవాబు రాకపోతే వాళ్ళు అమ్మేది పాఠాలు మాత్రమే. పాఠాలుగా విలువ ఉంటే ఉండొచ్చు. ఈలోగా, నువ్వు కాలు పట్టే ఆ నాల్‌బంద్‌నే అడుగు: ఆయన పని ముగించాక చివరి ఆకురాయి నీ చేతికి ఇమ్మను. ఆరునెలలు అంచులు నున్నగా చేయడమే చెయ్యి. ఆ తర్వాత కత్తి. క్లబ్బుకు వచ్చే పశువైద్యుడు ఎక్స్‌రే తీసిన ప్రతిసారీ వెళ్ళి ఆ ఫిల్ము చూడు. మా ఉస్తాద్ రంపంతో చూపించింది ఇప్పుడు నీకు ఎక్స్‌రేలో కనపడుతుంది.

ప్రశ్న: ఇంగ్లండులో చదువుకుంటూ వారాంతాల్లో ఒక గుర్రాల యార్డులో పనిచేస్తున్నాను. మా నాన్నది నల్గొండ జిల్లాలో కమ్మరి పని. చిన్నప్పుడు కొలిమి ఊదింది నేనే. ఆ మాట ఒకసారి అన్నందుకు యార్డు యజమానురాలు, లాడం ఊడితే నువ్వే కొట్టెయ్ అంటున్నారు. కొట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, ఇంగ్లండ్

జవాబు: కొట్టకూడదమ్మా. మర్యాదగానే, కానీ గట్టిగా వద్దని చెప్పు.

బ్రిటన్‌లో 1975లో ఫారియర్ల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఫారియర్స్ రిజిస్ట్రేషన్ కౌన్సిల్ జాబితాలో పేరు లేనివాళ్ళు గుర్రానికి లాడం బిగిస్తే అది నేరం. లాడం కోసం గిట్టను సిద్ధం చేయడం కూడా ఆ పనిలోకే వస్తుంది. పశువైద్యులకు, పద్ధతి ప్రకారం అప్రెంటిస్‌గా చేరినవాళ్ళకు మినహాయింపు ఉంది. అత్యవసరంలో ప్రథమ చికిత్సకూ ఉంది. కాబట్టి సగం ఊడి వేలాడుతున్న లాడం మీద గుర్రం కాలేసి గాయపడేలా ఉంటే దాన్ని నువ్వు తీయవచ్చు. ముందు బయటికి వంచిన మేకుల కొసలు లేపు లేదా ఆకురాయితో అరగదీయి. ఆ తర్వాత పటకారుతో మడమ వైపు నుంచి మొదలుపెట్టి, రెండు పక్కలా కొద్దికొద్దిగా వదులు చేస్తూ ముందుకు రా. ఒక్క గుంజున లాగితే గిట్ట గోడ పెచ్చు ఊడి వస్తుంది. తీసిన లాడం పారెయ్యకు, ఫారియర్‌కు చూపించాలి. అంతవరకే నీ పని. తిరిగి కొట్టడం ఆయన పని.

ఇందులో ఒక చిక్కుంది. లాడం ఊసే లేకుండా వట్టి గిట్టలు చెక్కడం ఆ చట్టం కిందికి రాదు. అందుకే అక్కడ లాడం కొట్టేవాడికి ఏళ్ళ తరబడి శిక్షణ, పరీక్ష ఉంటే, చెక్కేవాడు మాత్రం కొద్దిపాటి కోర్సుతోనూ బోర్డు పెట్టుకోగలడు. బాగా నేర్చుకున్న ట్రిమ్మర్లు లేరని కాదు. కానీ నా లెక్కలో గుర్రాన్ని కుంటిదాన్ని చేసేది ఎక్కువగా కత్తే, సుత్తి కాదు. చెక్కడాన్ని తేలిక పనిగా వదిలెయ్యడం నాకు నచ్చదు. నువ్వు చెక్కినా, జంతువుకు అనవసర బాధ కలిగితే 2006 జంతు సంక్షేమ చట్టం వర్తిస్తుందని గుర్తుంచుకో.

నీకు నిజంగా మనసుంటే దారి మంచిదే ఉంది. ఆమోదం పొందిన ఫారియర్ దగ్గర నాలుగేళ్ళ అప్రెంటిస్, మధ్యమధ్య కాలేజీలో చదువు. ఆ తర్వాత ‘వర్షిప్‌ఫుల్ కంపెనీ ఆఫ్ ఫారియర్స్’ డిప్లొమా. 1674లో రాజుగారి చార్టర్ పొందిన వృత్తి సంఘం అది. డిప్లొమా పైన అసోసియేట్, ఆ పైన ఫెలో అని ఇంకో రెండు మెట్లు. కమ్మరి బిడ్డవు, ఇనుము ఏ రంగుకు వస్తే వంగుతుందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. చాలామంది అప్రెంటిస్‌లకు మొదటి ఏడాది గడిచేది అది నేర్చుకోవడానికే. మీ నాన్నగారికి ఫోన్ చేసి ఈ మాట చెప్పు.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. అమ్మాయి కోసం రెండు గుర్రాలు కొన్నాం. ఒకాయన పేరు పక్కన ‘సీజేఎఫ్’ అని ఉంది, ధర ఎక్కువ, లాడం కావాలంటాడు. ఇంకొకామె ట్రిమ్మర్, లాడమే హాని అంటుంది. ఇద్దరి దగ్గరా సర్టిఫికెట్లున్నాయి. ఎవరిది అసలైన లైసెన్సు?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ఇద్దరిదీ లైసెన్సు కాదమ్మా. బ్రిటన్‌లోలాగా లాడం కొట్టడానికి లైసెన్సు తప్పనిసరి చేసే చట్టం అమెరికాలో లేదు. రేసుకోర్సుల్లో పనిచేసేవాళ్ళకు మాత్రం రాష్ట్రాల రేసింగ్ కమిషన్లు లైసెన్సు అడుగుతాయి. మిగతాదంతా ఇష్టపూర్వకం. ‘సీజేఎఫ్’ అంటే సర్టిఫైడ్ జర్నీమ్యాన్ ఫారియర్, 1971లో మొదలైన అమెరికన్ ఫారియర్స్ అసోసియేషన్ ఇచ్చే పట్టాల్లో పై మెట్టు. దానికి రాతపరీక్ష ఉంటుంది. ఆపైన సొంత చేత్తో సాగగొట్టిన లాడాలతో, గడియారం నడుస్తుండగా, పరీక్షకుల కళ్ళముందు గుర్రానికి నాలుగు కాళ్ళూ పూర్తి చేయాలి. మడమల దగ్గర అడ్డపట్టీ ఉండే బార్ షూ కూడా చేసి చూపించాలి. కొలిమి దగ్గర నిలబడ్డవాడిగా చెబుతున్నాను, అది చిన్న విషయం కాదు. ఆ మూడక్షరాలకు నేను గౌరవం ఇస్తాను.

అయినా మీ గుర్రానికి లాడం కావాలా వద్దా అన్నది ఆ అక్షరాలు తేల్చవు. ఇసుకలో, పచ్చికలో తిరిగే గట్టి గిట్టల గుర్రానికి లాడం లేకపోయినా ఏమీ కాదు. రాళ్ళ మీద నడిచేదానికి, గిట్ట అరిగే వేగం పెరిగే వేగాన్ని మించినదానికి కావాలి. అన్ని గుర్రాలకూ ఒకే మాట చెప్పేవాళ్ళు, లాడం కొట్టేవాళ్ళైనా సరే, చెక్కేవాళ్ళైనా సరే, గుర్రాన్ని చూసి మాట్లాడటం లేదు. ఇద్దర్నీ విడివిడిగా పిలవండి. వచ్చినవాళ్ళు కాలు ఎత్తకముందు గుర్రాన్ని నడిపించమని అడుగుతారా లేదా గమనించండి. గట్టి నేల మీద పోయేటప్పుడొకసారి, తిరిగి వచ్చేటప్పుడొకసారి చూడాలి. కాలు మోపేటప్పుడు మడమ మొదట తగులుతోందా, గిట్ట ముందు కొన మొదట తగులుతోందా అన్నది అక్కడే తెలుస్తుంది. చూడకుండా నేరుగా పనిముట్లు తీసినవాళ్ళకు, ధర ఎంత తక్కువైనా, మీ అమ్మాయి గుర్రాన్ని ఇవ్వకండి.

ప్రశ్న: మాకు పెళ్ళి బరాత్‌లకు తిప్పే రెండు తెల్ల గుర్రాలున్నాయి. మా నాల్‌బంద్ తాత అరవై దాటిన మనిషి, ఏ కాగితమూ లేదు. మూడు నెలలకోసారి పిలుస్తాం. ఈమధ్య ఒక కుర్రాడు సర్టిఫికెట్ చూపించి, తాతది పాతపద్ధతి, నాకే ఇవ్వండి అంటున్నాడు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అన్నా, మార్చాల్సింది ముందు ఆ మూడు నెలల లెక్క. అన్ని రోజుల్లో గిట్ట సుమారు అంగుళం పెరుగుతుంది. లాడం ముందుకు జరిగిపోయి మడమలు దాని లోపలికి కుంగిపోతాయి, తారురోడ్డు దెబ్బంతా కీలు మీద పడుతుంది. ఆరు వారాలకోసారి పిలవండి. మూడు నెలల పెరుగుదలను ఒక్క పూటలో సరిచెయ్యమంటే తాత అయినా కుర్రాడైనా ఎక్కువ కోయక తప్పదు.

తాతను మానిపించకండి. ఒకసారి పక్కన కూర్చుని ఆయన పని చూడండి. అరికాలి మధ్య ముక్కోణంగా మెత్తగా ఉండే పుత్లీని వదులైన పొరల మేరకే తీసి ఆపుతున్నాడా? లాడాన్ని గిట్టకు సరిపోయేలా సాగగొడుతున్నాడా, లేక లాడానికి సరిపోయేలా గిట్టను ఆకురాయితో అరగదీస్తున్నాడా? రెండోది చేస్తుంటే ఆపమని చెప్పండి. మేకు కొట్టేటప్పుడు చెవి పెట్టి వినండి. గట్టి గోడలోకి దిగే మేకు ఖణఖణమంటుంది. దెబ్బ మెత్తగా, మొద్దుగా వినపడిందంటే మేకు, గోడకూ అరికాలికీ మధ్య ఉండే తెల్లగీత దాటి లోపలికి పోతోందన్న మాట. ఆ క్షణంలో మేకు బయటికి లాగేవాడైతే ఆయన చేతిలో మీ గుర్రం క్షేమం. కుర్రాణ్ణి కూడా రమ్మనండి. తాత ముందే ఒక కాలు చెయ్యనివ్వండి. సిగ్గుపడకుండా చేస్తే మంచి పనివాడే.

అప్పుడు నాకు ఫొటోలు పంపండి. ముందు కుడికాలు, చెక్కకముందు ఒకసారి, చెక్కాక ఒకసారి. ఫోను నేలకు ఆనించి పక్క నుంచి ఒకటి, కాలెత్తి అరికాలి వైపు నుంచి ఒకటి. గుర్రం సమతలంగా ఉన్న నేల మీద నిలబడి ఉండాలి, గిట్ట తుడిచి ఉండాలి. రెండు గుర్రాలవీ విడివిడిగా, ఏది ఏదో రాసి పంపండి.