అవకాడో, సోయా డిప్: థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు తినొచ్చా?

ప్రశ్న: నా వయసు 44. థైరాయిడ్‌కు రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటాను. ఈమధ్య పరీక్షలు చేయిస్తే చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని, షుగర్ బోర్డర్‌లో ఉందని చెప్పారు. సాయంత్రం పిల్లలతో కలిసి చిప్స్, మయోనైజ్ తినే అలవాటు ఉంది. దాని బదులు ఇంట్లోనే అవకాడో, సోయాబీన్స్‌తో డిప్ చేసుకోవాలనుకుంటున్నాను. సోయా తింటే థైరాయిడ్ ఎక్కువవుతుందని మా వదిన అంటున్నారు. నిజమేనా? ఎలా చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: నిరభ్యంతరంగా తినండి. మయోనైజ్ మానుకోవాలన్న మీ ఆలోచన చాలా మంచిది. అందులో దాదాపు మూడొంతులు నూనే. పైగా పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్ వల్ల జనం జబ్బు పడుతున్నారనే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో దాన్ని ఏడాదిపాటు నిషేధించింది.

మీ వదినగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. అయోడిన్ ఉప్పు వాడుతున్నవాళ్లకు సోయా వల్ల థైరాయిడ్ గ్రంథి పాడవదు. కానీ మాత్ర ఒంటికి సరిగా పట్టకుండా సోయా అడ్డుపడుతుంది. కాబట్టి మాత్రకూ సోయాకూ మధ్య కనీసం 4 గంటల తేడా ఉండాలి. మీరు పొద్దున్నే మాత్ర వేసుకుని డిప్ సాయంత్రం తింటారు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. డిప్ రోజూ తినడం మొదలుపెడితే మాత్రం 6 నుంచి 8 వారాల తర్వాత ఒకసారి టీఎస్‌హెచ్ (మాత్ర మోతాదు సరిపోతోందో లేదో చెప్పే థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించుకోండి.

ఇక తయారీ. అసలు జాగ్రత్తంతా సోయా ఉడికించడంలోనే ఉంది. పచ్చి గింజల్లో మాంసకృత్తులు అరగకుండా చేసే పదార్థాలుంటాయి. సరిగా ఉడకకపోతే కడుపునొప్పి, గ్యాస్ తప్పవు. అరకప్పు గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోయండి. గింజల్ని చేత్తో నలిపితే పొట్టు పైకి తేలుతుంది, తీసేయండి. కొత్త నీళ్లు పోసి కుక్కర్‌లో పెట్టి, మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి 20 నిమిషాలు ఉంచండి. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలిగిపోవాలి. గట్టిగా తగిలితే మళ్లీ ఉడికించాల్సిందే.

చల్లారాక గింజల్ని పచ్చిమిర్చి, ఒక వెల్లుల్లి రెబ్బ, వేయించిన జీలకర్ర, కాస్త నీళ్లతో ముందుగా మిక్సీలో మెత్తగా తిప్పండి. అన్నీ ఒకేసారి వేస్తే సోయా పలుకులుగా మిగిలిపోతుంది. ఆ తర్వాత పండిన అవకాడో గుజ్జు, ఒక నిమ్మకాయ రసం, కొత్తిమీర, అర చెంచా ఉప్పు వేసి ఒక్కసారి తిప్పితే చాలు. నూనె చుక్క కూడా వద్దు, అవకాడోలోనే కావలసినంత కొవ్వు ఉంది. అదీ గుండెకు మేలు చేసే రకం. నిమ్మరసం రుచికే కాదు, డిప్ త్వరగా నల్లబడకుండా కూడా కాపాడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేయండి.

ఇది ఆరుగురికి సరిపోతుంది. ఒక్కొక్కరికి మూడు నాలుగు చెంచాలు వస్తుంది. అందులో సుమారు 90 కేలరీలు, 5 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. మంచిదే కదా అని గిన్నెడు తింటే బరువు పెరుగుతారు. మొదట్లో రెండు చెంచాలతోనే మొదలుపెట్టండి, పొట్టకు అలవాటవుతుంది.

దేనితో తింటున్నారన్నది కూడా అంతే ముఖ్యం. మళ్లీ చిప్స్‌తోనే తింటే మీరు పడిన శ్రమంతా వృథా. కీరా, క్యారెట్, క్యాప్సికమ్ ముక్కలు బాగుంటాయి. జొన్న రొట్టెకు రాసుకోవచ్చు, పెసరట్టులోకి పచ్చడిలా నంజుకోవచ్చు. కొలెస్ట్రాల్‌కు డాక్టర్ మాత్ర రాసి ఉంటే, డిప్ తింటున్నాను కదా అని దాన్ని మానేయకండి.

మీ ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లుంటే వాళ్లకు ఇది పెట్టే ముందు డాక్టర్‌ని అడగండి. అవకాడోలోనూ సోయాలోనూ పొటాషియం ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు కూడా అడిగాకే తినాలి. రబ్బరు గ్లౌజులు, బెలూన్లు తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లకు అవకాడో కూడా పడకపోవచ్చు. తిన్నాక నోరు దురద పెట్టినా, పెదాలు వాచినా వెంటనే ఆపేసి డాక్టర్‌కు చూపించండి. ఊపిరి ఆడనట్టు అనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.