అద్దకం ముచ్చట్లు: కాలువ కట్టేసిన ఏడాది

(మచిలీపట్నం దగ్గరున్న పెడనలో అత్తవారి అద్దకం షెడ్డును 34 ఏళ్ళుగా చూసుకుంటున్న రచయిత్రి, కలంకారీ గురించి, ఇతర చేతిపనుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: ఎగ్జిబిషన్‌లో ‘అసలైన మచిలీపట్నం కలంకారీ’ అని 900 రూపాయలకు కాటన్ చీర ఇచ్చారు. మొదటి ఉతుకులోనే బకెట్‌లో నీళ్ళు ఎర్రగా అయ్యాయి. అందులోనే నానేసిన మావారి తెల్లచొక్కా పాడైంది. కలంకారీ అంటే రంగు పోవడమేనా? అసలుది ఎలా గుర్తుపట్టాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కొత్త రంగుచీరతో తెల్లచొక్కా నానబెట్టడం మాత్రం మీ తప్పేనమ్మా. మిగతాది అమ్మినవాళ్ళ తప్పు.

మా ఎరుపు అలా బకెట్‌లోకి దిగదు. ఎందుకు దిగదో చెప్పాలంటే అది ఎలా పుడుతుందో చెప్పాలి. పెళ్ళయి పెడన వచ్చిన కొత్తలో, అచ్చుకి రంగు పూసి గుడ్డ మీద కొడతారనే నేనూ అనుకున్నాను. మామగారు ఒకరోజు నన్ను అద్దకం బల్ల దగ్గరికి పిలిచి, పక్కనున్న తట్టలో ఏముందో చూడమన్నారు. పటిక నీళ్ళు, తుమ్మబంక. అంతే, అందులో ఎరుపు లేదు! అచ్చు ఎక్కడ పడిందో అద్దేవాడికి కనబడాలి కాబట్టి చిటికెడు రంగు కలుపుతారు. అది ఉతుకులో పోయేదే. నేను బిక్కమొహం వేస్తే ఆయన నవ్వి, “మూడు రోజులాగి డేగిసా దగ్గరికి రా” అన్నారు.

గుడ్డ అప్పటికే పేడనీళ్ళలో నాని, ఎండలో తెల్లబడి, కరక్కాయ నీళ్ళు పట్టించుకుని లేత పసుపులో ఉంటుంది. నలుపుకి వేరే కుండ. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు వేసి రెండు మూడు వారాలు మూతపెట్టి వదిలేస్తాం. మూత తీస్తే పుల్లటి వాసన, చూడ్డానికి టీ డికాషన్. అదే నీళ్ళు కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితే చూస్తుండగానే నల్లబడతాయి. ఎరుపు అంత తొందరగా బయటపడదు. పటిక అచ్చు వేసిన గుడ్డ ఆరాలి, కాలువలో జాడించుకోవాలి, ఆ తర్వాత రాగి డేగిసాలో ఎరుపునిచ్చే సరుకుతో, జాజి ఆకుతో కలిసి కట్టెల మంట మీద ఉడకాలి. ఇద్దరు మనుషులు కర్రలతో తిప్పుతూనే ఉంటారు. మొదట గుడ్డంతా మురికి గోధుమరంగు. కాసేపటికి పువ్వు రేకు ఒకటి ఎర్రబడుతుంది, తర్వాత ఇంకొకటి. పటిక పడిన చోటల్లా తేలుతుంది. మూడోరోజు నేను చూసింది అదే. అంత మంట మీద ఉడికి పుట్టిన రంగు బకెట్‌లో చన్నీళ్ళకి బెదురుతుందా?

మీది స్క్రీన్ ప్రింటు అయి ఉంటుంది. చీర విప్పి అంచు వెంట వేలుపెట్టి చూసుకుంటూ వెళ్ళండి. చెక్క అచ్చు అరచెయ్యంతో, జానెడో ఉంటుంది. ఒక అచ్చు ఆగి ఇంకోటి మొదలైన చోట తీగ కాస్త ఎక్కి ఉంటుంది, లేదా వెంట్రుకంత ఎడం ఉంటుంది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక కొట్టిన అచ్చులు నేను చూడగానే పట్టేస్తాను, కొంచెం బరువుగా పడతాయి. ఎంత దూరం వెళ్ళినా ఒక్క అతుకూ కనబడకపోతే అనుమానించండి. ఇంకో పరీక్ష: చెంగు చివర, కనబడని చోట, నల్లగీత మీద నిమ్మరసం చుక్క వెయ్యండి. ఇనుము, కరక్కాయ కలిసి పుట్టిన నలుపైతే కాసేపట్లో వెలుస్తుంది. కెమికల్ నలుపు కదలదు. ఈ పరీక్ష కొట్లో చెయ్యకండి, తంతారు.

ప్రశ్న: మా ఇంట్లో ఒకే డిజైన్ కలంకారీ దుప్పట్లు రెండున్నాయి. ఒకదానికి పువ్వుల మధ్య ఖాళీ మీగడరంగులో ఉంది, రెండోదానికి లేత గులాబీ. ఏది నాసిరకం?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ ప్రశ్న చదివి మా ఇంట్లో అందరం ఒకసారి మొహాలు చూసుకున్నాం.

అచ్చు వేశాక గుడ్డని పారే నీళ్ళలో ఎందుకు జాడిస్తామో తెలుసా? గుడ్డకి పట్టగా మిగిలిన పటిక కొట్టుకుపోవాలి. నిలవనీళ్ళలో ముంచితే ఆ పటిక ఎక్కడికీ పోదు, తిరిగి గుడ్డ మీదే, డిజైన్ లేని చోట కూర్చుంటుంది. కంటికి కనబడదు. తీరా డేగిసాలో వేశాక అక్కడ కూడా ఎరుపు పడుతుంది. అందుకే మా పనికి కాలువే ప్రాణం. మావాళ్ళు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, గుడ్డ కొస పట్టుకుని, మిగతాది ప్రవాహానికి వదిలేస్తారు. నీళ్ళే ఉతుకుతాయి.

ఎండాకాలం మా వైపు కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్ళు వదలరు. మా పెద్దమ్మాయి పుట్టిన ఏడాది అనుకున్నదానికంటే ముందే కట్టేశారు. అరవై దుప్పట్ల ఆర్డరు, అచ్చు వేసి ఆరేసి ఉన్నాయి. కొన్నాయన రోజూ ఫోను. మావారు సిమెంటు తొట్టి నింపి “నీళ్ళు రెండుసార్లు మారుద్దాం, చాలు” అన్నారు. నేనూ సరేనన్నాను. డేగిసాలోంచి తీసినప్పుడు అరవైకి అరవై గులాబీ! ఎండలో పరిచి, నీళ్ళు చల్లి, పేడనీళ్ళలో మళ్ళీ ముంచినా కొంతే తగ్గింది. ఆర్డరు ఇచ్చినాయన సరుకు చూడగానే మడిచి బల్లమీద పెట్టేశాడు, అడ్వాన్సు వెనక్కి అడిగాడు. ఆయన్ని అనడానికేముంది. అయినకాడికి అమ్ముకున్నాం.

తమాషా ఏంటంటే, రెండేళ్ళ తర్వాత ఒకావిడ ఆ దుప్పటే తెచ్చి “సేమ్ ఈ పింక్ గ్రౌండే కావాలి, పాతిక చేసిస్తారా” అంది. చెయ్యలేకపోయాం. కావాలని చేస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడింది.

మీ గులాబీ దుప్పటి నాసిరకం కాదండీ. దాన్ని జాడించిన రోజు నీళ్ళు సరిగ్గా పారి ఉండవు. రంగు గట్టిదనంలో రెండూ ఒకటే.

ప్రశ్న: అచ్చుతో అద్దేదానికి ‘కలం’కారీ అని పేరేంటి? శ్రీకాళహస్తిది అసలుది, మీది డూప్లికేటా?
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: డూప్లికేట్ అంటే మా మామగారు కర్ర తీసేవారు. కాళహస్తిలో వెదురుపుల్లకి గుడ్డ చుట్టి, ఆ కలంతో రామాయణ, భారత కథలు గీస్తారు. గుడి తెరల పని అది. మాది గోల్కొండ సుల్తానుల కాలంలో పర్షియా బేరగాళ్ళ రుచికి తగ్గట్టు పెరిగిన పని. అందుకే దేవుళ్ళ కంటే పూలు, తీగలు, మామిడి పిందెలు, చెట్లు ఎక్కువ. వెనకటికి బందరు గుడ్డ మీదా కలం తిరిగేది. ఒకే రకం గజాలకి గజాలు కావాల్సి వచ్చినప్పుడు అచ్చు పైచెయ్యి అయింది, పేరు మిగిలింది. కరక్కాయ, ఇనుము, పటిక రెండుచోట్లా ఉన్నాయి. ఒక తల్లి పిల్లలే అనుకో.

ప్రశ్న: లండన్ మ్యూజియంలో పాపతో కలిసి 18వ శతాబ్దపు పెద్ద పూలచెట్టు గుడ్డ చూశాం. కింద ‘కోరమాండల్ తీరం’ అని రాసుంది. అది మన బందరుదేనా? పాప స్కూల్లో చెప్పాలట.
— ఒక తల్లి, లండన్

జవాబు: కోరమాండల్ అంటే మన తీరం, తమిళ తీరం రెండూ కలిసొస్తాయి కాబట్టి ఆ ఒక్క మాటతో మనదని రాసెయ్యొద్దు. పాపకి చెప్పడానికి అంతకంటే మంచి కథ ఉంది.

డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరు రేవుకి వచ్చారు. మన గుడ్డలిచ్చి తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనొచ్చన్నది వాళ్ళ లెక్క. కొన్నాళ్ళకి ఆ గుడ్డ వాళ్ళ దేశాల్లోనే పిచ్చయి కూర్చుంది. ఉతికినా పోని రంగులు నూలుబట్ట మీద వెయ్యడం అక్కడివాళ్ళకి అప్పట్లో చేతకాదు. పటిక కిటుకు మనవాళ్ళ చేతిలో ఉంది. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టేసరికి ఫ్రాన్స్ 1686లో ఈ గుడ్డల్ని నిషేధించింది. ఆ తర్వాత ఇంగ్లండూ అదే దారి పట్టి, 1721లో చట్టం మరీ బిగించింది. అంటే ఆ మ్యూజియం గుడ్డ ఒకప్పుడు అదే ఊళ్ళో కట్టుకోకూడని గుడ్డ! పిల్లలకి ఇది నచ్చుతుంది.

ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. సముద్రం ఒడ్డు ఇసకనేలల్లో పెరిగే చిన్న మొక్క, దాని సన్నటి వేర్లు. డచ్చివాళ్ళు పెటపోలి అని పిలిచిన మన నిజాంపట్నం వైపు వేరుకి మంచి పేరుండేది. తర్వాత బందరు రేవు పూడిపోయింది, 1864 ఉప్పెన 30 వేల మందిని పొట్టనపెట్టుకుంది. 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు అలిజరిన్‌ని, అంటే వేర్లలో ఉండే ఎరుపునే, ల్యాబులో తయారుచేశారు. వేరు తవ్వే పని అక్కడితో తగ్గుతూ వచ్చింది.

దాచడమెందుకు, మా డేగిసాలోకి కూడా ఎక్కువసార్లు అలిజరిన్ పొడే వెళ్తుంది. పటిక, ఉడుకు, కాలువ మారలేదు. ‘నూటికి నూరు శాతం వేళ్ళు, ఆకులు’ అని ఎవరైనా అంటే, ఎరుపు దేంతో చేశారని అడగండి. జవాబు రావడానికి పట్టే టైమును బట్టి తెలిసిపోతుంది.

ప్రశ్న: నాయనమ్మ పెట్టెలో పాత కలంకారీ గుడ్డ దొరికింది. ఎరుపు చెక్కుచెదరలేదు కానీ నల్లగీతలు ఉన్నచోటల్లా చిరిగిపోయి, పువ్వులు ఊడొచ్చేలా ఉన్నాయి. ఎలుకలు కొట్టాయా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఎలుకలు నల్లగీత చూసుకుని కొరకవమ్మా. అది ఇనుము పని. నలుపులోని ఇనుము ఏళ్ళ తరబడి నూలుని తింటుంది. మా ఇంట్లోనూ అలాంటి ముక్క ఒకటుంది. వెలుగుకి పట్టుకుంటే పువ్వు చుట్టూ గీత ఉన్నంత మేరా సన్నటి కంత, మధ్యలో ఎర్రరేకు దారప్పోగుల మీద వేలాడుతూ ఉంటుంది. రేకులన్నీ ఎవరో చిన్న కత్తెరతో కత్తిరించినట్టు!

దాన్ని ఉతకొద్దు. పాత తెల్ల కాటన్ చీర ముక్క మీద పరిచి, మడతపెట్టకుండా గొట్టానికి చుట్టి, చెమ్మ తగలనిచోట పెట్టండి. చెమ్మ తగిలితే ఇనుము ఇంకా తింటుంది. కుట్టించాలనుకుంటే కింద పల్చటి గుడ్డ వేసి చేత్తో కుట్టాలి, మిషన్ వద్దు. కొత్త గుడ్డల సంగతి వేరు: చన్నీళ్ళు, తేలికపాటి సబ్బు, నీడపట్టున తిరగేసి ఆరేయడం. బ్లీచింగ్ జోలికి పోవద్దు. నిమ్మకాయ, చింతపండు మరక పడితే వెంటనే నీళ్ళతో కడగండి, ఎందుకో పైన చదివారుగా.

ప్రశ్న: ఏటికొప్పాక లక్క గిలక పిల్లాడి నోట్లో పెట్టొచ్చా?
— కొత్త తల్లి, రాజమండ్రి

జవాబు: నాది ఆ ఊరి పని కాదు, చూసొచ్చినది చెప్తాను. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో అంకుడు కర్రని తిప్పుతూ లక్కకడ్డీ ఆనిస్తారు. ఆ వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది, బ్రష్షుతో పనిలేదు. పసుపు, నీలిమందులాంటి చెట్టు రంగులు కలిపిన లక్క అయితే భయం లేదు. అయితే మార్కెట్లో కెమికల్ రంగులవీ ఉన్నాయి, అందుకే రంగు దేనిదో చెప్పగలిగిన చోటే కొనండి. ఊడే చిన్న ముక్కలున్న బొమ్మ మాత్రం ఎంత మంచి రంగైనా వద్దు.

ప్రశ్న: మా నాన్న పాతికేళ్ళుగా అద్దకం పని చేస్తున్నాడు. నేను డిప్లొమా చేశాను. హైదరాబాద్‌లో గోడౌన్ జాబ్ వచ్చింది. నాకు ఈ పనంటేనే ఇష్టం. నాన్న “వస్తే కాళ్ళు విరగ్గొడతా” అంటున్నాడు. టెన్షన్‌తో నిద్రపట్టడం లేదు.
— ఒక యువకుడు, గూడూరు (కృష్ణా జిల్లా)

జవాబు: బాబూ, మీ నాన్న కోపానికి లెక్కుంది. ముక్కకింత అని కూలి. వానపడితే ఆరదు, ఆరకపోతే పని లేదు. నిలబడి నిలబడి నడుం, కొట్టి కొట్టి కుడిభుజం. పక్క షెడ్డులో స్క్రీన్ వేసేవాళ్ళు పూట తిరిగేలోగా దించే సరుకు మనకి వారం పని. మచిలీపట్నం కలంకారీకి జీఐ గుర్తింపు (ఈ పని ఈ చోటుదేనని సర్కారు ఇచ్చేది) ఉంది, సంతోషమే. ఆ స్క్రీన్ గుడ్డ మీద కలంకారీ అని చీటీ అంటించకుండా అది ఎవర్నీ ఆపింది మాత్రం నేను చూడలేదు.

అచ్చు కొట్టడమే చేస్తానంటే నేనూ మీ నాన్న పక్షమే. కానీ ఉడికించేవాళ్ళు మా దగ్గర బాగా తగ్గిపోయారు. మా షెడ్డులో ఆ పని తెలిసిన పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. మంట ఎప్పుడు తగ్గించాలో కర్రతో గుడ్డ కొస ఎత్తి చూసి చెప్తాడు. ఎందుకని అడిగితే “కనబడట్లా?” అంటాడు. నాకు కనబడదు. ఆయన చెప్పిన రోజుల్లో ఎంత గుడ్డకి ఎంత పొడి, ఎంత ఆకు, ఎంతసేపు అని నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. సగం పేజీల్లో ‘రంగు సరిగ్గా రాలేదు, కారణం తెలీదు’ అనే ఉంది. డిప్లొమా చదివినవాడివి, కొలతలు తెలిసినవాడివి, ఆ సగం పేజీలు నీకు పనికొస్తాయి. ఆ పనికి జీతం నెలకింత అని మాట్లాడుకోవచ్చు, ముక్కల లెక్క కాదు. గోడౌన్‌వాళ్ళు ఇచ్చేంత ఇవ్వగలనని మాత్రం ఇప్పుడే మాటివ్వను.

జాబులో చేరడానికి పదిరోజులు టైముంటే ముందు ఒకసారి రా. వచ్చే శనివారం డేగిసా ఎక్కిస్తున్నాం, తెల్లవారుజామున 5 గంటలకి పొయ్యి వెలుగుతుంది. పాత లుంగీ తెచ్చుకో, కట్టుకున్నది మళ్ళీ తెల్లబడదు. మీ నాన్నకి చెప్పకుండా మాత్రం రాకు.